ఆకలి వేస్తుంది, నిద్ర వస్తుంది: సందర్భానికి తగిన ఇంగ్లిష్ మాట ఎలా దొరుకుతుంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఆరు నెలలుగా రోజూ కొన్ని ఇంగ్లిష్ మాటలు తెలుగు అర్థాలతో నోట్‌బుక్‌లో రాసుకుని బట్టీ పడుతున్నారు. 1500 దాటాయి. ఏ మాట అడిగినా అర్థం చెప్పగలరు. అయినా ఖాళీలు పూరించే ప్రశ్న వస్తే నాలుగు ఆప్షన్లలో రెండు కొట్టేసి, మిగిలిన రెండింటి దగ్గర ఆగిపోయి, చివరికి తప్పుదే పెడుతున్నారు. సొంతంగా రాయడానికి కూర్చుంటే నేర్చుకున్న మాట ఒక్కటీ గుర్తుకు రావట్లేదు. ఇంకా ఎన్ని మాటలు నేర్చుకోవాలి అని అడిగారు.

ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లిష్ చెబుతున్నాను, దిద్దుతున్నాను. ఇదే ఇబ్బందితో వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. మీకు మాటలు తక్కువై కాదు ఈ చిక్కు. ఒక్కో మాటకు ఒక్కో తెలుగు అర్థం తగిలించి, ఆ మాట ఎవరి పక్కన కూర్చుంటుందో చూడకుండా వదిలేశారు. కొత్త మాటలు కొన్నాళ్లు ఆపేయండి. ఉన్న 1500 చాలు, వాటితోనే పని ఉంది.

ముందు తెలుగులోనే చూద్దాం. మనకు ఆకలి వేస్తుంది. దాహం వేస్తుంది. చలి వేస్తుంది. భయం వేస్తుంది, జాలి వేస్తుంది. కానీ నిద్ర వస్తుంది, కోపం వస్తుంది, నవ్వు వస్తుంది. చెమట మాత్రం పడుతుంది. ‘నిద్ర వేస్తోంది’ అని మూడేళ్ల పిల్ల కూడా అనదు. ఎందుకు అనకూడదో చెప్పమంటే తెలుగు పండితుడు కూడా తడుముకుంటాడు. దీనికి వ్యాకరణ సూత్రం లేదు. చిన్నప్పటి నుంచి ఆ రెండు మాటలూ జంటగానే విన్నాం, జంటగానే నోటికి వస్తాయి. ఇంగ్లిష్‌లోనూ అంతే. వాన ‘హెవీ’, గాలి ‘స్ట్రాంగ్’. ‘హెవీ రెయిన్’ అంటారు, ‘స్ట్రాంగ్ రెయిన్’ అనరు. ‘స్ట్రాంగ్ విండ్’ అంటారు. నిర్ణయం ‘మేక్’ చేస్తారు, హోంవర్క్ ‘డూ’ చేస్తారు. ఈ జంటలకు ‘కొలొకేషన్’ అని పేరు. ఒక మాటను దాని సావాసాన్ని బట్టే గుర్తుపట్టాలన్న ఆలోచనకు భాషాశాస్త్రంలో గట్టి పునాది వేసినవాడు జె.ఆర్. ఫర్త్ అనే బ్రిటిష్ పండితుడు. 1950ల నాటి మాట ఇది. మీరు నోట్‌బుక్‌లో రాసుకున్నదంతా ఒంటరి మాటలే, అందుకే అవి పరీక్షలో మీ పక్కన నిలబడట్లేదు.

ఇప్పుడు మీరు తప్పు పెట్టానని రాసిన వాక్యం తీసుకుందాం.

‘ఆల్‌దో ది విట్‌నెస్ స్పోక్ కామ్‌లీ, హర్ ట్రెంబ్లింగ్ హ్యాండ్స్ ______ హర్ ఫియర్.’ ఆప్షన్లు: ఎక్స్‌పోజ్డ్, అనౌన్స్డ్, బిట్రేడ్, చీటెడ్.

మీరు ‘ఎక్స్‌పోజ్డ్’ పెట్టారు. సరైనది ‘బిట్రేడ్’. ‘బిట్రే అంటే నమ్మకద్రోహం కదా, చేతులు నమ్మకద్రోహం చేయడమేంటి?’ అని అడిగారు. మంచి ప్రశ్న, దీని మీద కాస్త ఆగుదాం.

ఆప్షన్లను చేత్తో మూసేయండి. వాక్యం మాత్రమే చదవండి. మొదటి మాట ‘ఆల్‌దో’. అంటే ‘అయినా సరే’ అన్న మలుపు రాబోతోంది, రెండో సగం మొదటి సగానికి ఎదురు తిరుగుతుంది. మొదటి సగంలో సాక్షి ప్రశాంతంగా మాట్లాడింది. రెండో సగంలో చేతులు వణుకుతున్నాయి, చివర భయం ఉంది. అంటే పైకి దాచుకోవాలనుకున్నది ఆమె ప్రమేయం లేకుండా బయటపడింది. ఇది తెలుగులో ఎలా చెబుతారు? ‘మాట నిబ్బరంగానే ఉంది గానీ, వణుకుతున్న చేతులే ఆమె భయాన్ని పట్టిచ్చేశాయి’ అంటాం. ‘పట్టివ్వడం’. ఇప్పుడు చేయి తీసి ఆప్షన్లు చూడండి.

‘అనౌన్స్’ అంటే కావాలని అందరికీ చెప్పడం. చేతులు కావాలని ఏమీ చెప్పలేదు. ‘చీట్’ తర్వాత మోసపోయిన మనిషి రావాలి, భయాన్ని ఎవరూ మోసం చేయరు. మిగిలినవి మిమ్మల్ని ఆపేసిన రెండు. ‘ఎక్స్‌పోజ్’ కూడా బయటపెట్టడమే, నిజమే. కానీ ఆ మాట ఎక్కువగా తిరిగే చోటు చూడండి: కుంభకోణం, అబద్ధం, మోసం. ఒకరి గుట్టు ఇంకొకరు రట్టు చేస్తే అది ‘ఎక్స్‌పోజ్’. మనిషి దాచాలనుకున్న భావాన్ని ఆ మనిషి ముఖమో గొంతో చేతులో తెలియకుండా బయటపెట్టేస్తే, దానికని ఇంగ్లిష్‌లో ఉన్న మాట ‘బిట్రే’. ‘హర్ వాయిస్ బిట్రేడ్ హర్’, ‘హిజ్ ఫేస్ బిట్రేడ్ నో ఎమోషన్’ లాంటివి నవలల్లో తరచూ కనబడతాయి.

మన ‘పట్టివ్వడం’ ఈ రెండు పనులూ చేస్తుంది. స్నేహితుణ్ణి పోలీసులకు పట్టివ్వవచ్చు, ముఖం మన మనసును పట్టివ్వవచ్చు. మొదటిదాంట్లో ద్రోహం ఉంది, రెండోదాంట్లో లేదు. రెండింట్లోనూ ఉన్నది, మనవైపు ఉండాల్సినది మనల్ని బయటపెట్టేయడం. మీ నోట్‌బుక్‌లో ‘బిట్రే’ పక్కన ‘నమ్మకద్రోహం’ అని ఒక్క మాట రాసుకున్నారు, అదే మీకు అడ్డం పడింది. ఒకే ఒక్క తెలుగు సమానార్థకం రాసుకుంటే దాదాపు ప్రతి మాట దగ్గరా ఇలాగే జరుగుతుంది.

కాబట్టి ఆప్షన్లు చూడకముందే ఖాళీలో ఏం రావాలో మీ మాటల్లో అనుకోండి. తెలుగులో అనుకున్నా ఫర్వాలేదు. ‘ఏదో బయటపెట్టింది’ అని అనుకున్నా చాలు. ఆప్షన్లు ముందు చదివితే నాలుగూ నిజమే అనిపిస్తాయి, ఎందుకంటే ప్రశ్న రాసేవాళ్లు వాటిని అలా అనిపించేలానే పెడతారు. మా క్లాసులో కాగితం ముక్కతో ఆప్షన్లు మూయిస్తాను. రెండు వారాల పాటు విసుగ్గా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఖాళీకి అటూ ఇటూ ఉన్న చిన్న మాటలను మాత్రం ఎప్పుడూ దాటేయకండి. ‘ది రూల్ ______ విజిటర్స్ ఫ్రమ్ టేకింగ్ ఫోటోస్’ అన్నప్పుడు ఆప్షన్లు రెఫ్యూజెస్, డినైస్, ప్రొహిబిట్స్, అవాయిడ్స్ అనుకోండి. తెలుగులో అన్నీ ‘వద్దనడం, కాదనడం’ చుట్టూనే తిరుగుతాయి. కానీ తర్వాత మనిషి వచ్చి, ఆ తర్వాత ‘ఫ్రమ్’ వచ్చింది. అలాంటి చోట ఇమిడేది వీటిలో ‘ప్రొహిబిట్స్’ ఒక్కటే. ఆ ‘ఫ్రమ్’ అనే చిన్న మాటే సగం పని చేసిపెట్టింది. ‘ఇన్‌సిస్ట్’ తర్వాత ‘ఆన్’ వస్తుంది, ‘డిప్రైవ్’ చేసిన మనిషి తర్వాత ‘ఆఫ్’ వస్తుంది. ‘డిస్కస్’ తర్వాత ఇలాంటి చిన్న మాట ఏదీ రాదు, చర్చించిన విషయమే నేరుగా వస్తుంది. మనం తెలుగులో ‘దాని గురించి చర్చించాం’ అంటాం కాబట్టి ‘డిస్కస్డ్ అబౌట్’ అని రాసేస్తాం. ‘టెల్’, ‘సే’ కూడా అంతే. మనకు రెండూ ‘చెప్పడమే’. ‘హీ టోల్డ్ దట్ హీ వాజ్ టయర్డ్’ అని నా దగ్గరికి వచ్చే పేపర్లలో ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. ‘టోల్డ్’ వెంటనే ఎవరికి చెప్పాడో ఆ మనిషి రావాలి: ‘టోల్డ్ మీ దట్’. మనిషి లేకపోతే ‘సెడ్ దట్’.

‘చూడటం’ మీద కూడా ఇదే తికమక. ‘సీ’ మన ‘కనబడటా’నికి దగ్గర, కళ్లు తెరిచి ఉంటే చాలు. ‘లుక్’ అంటే కావాలని అటు దృష్టి తిప్పడం. ‘వాచ్’ అంటే కదిలేదాన్ని, జరుగుతున్నదాన్ని కాసేపు గమనిస్తూ ఉండటం. ఈ తేడా పట్టుకుంటే ‘ఐ లుక్డ్ బట్ ఐ డిడ్ నాట్ సీ ఎనీథింగ్’ అన్న వాక్యం వెంటనే అర్థమవుతుంది. చూశాను గానీ ఏమీ కనబడలేదు.

ఇక రంగు సంగతి. మాటకు అర్థంతో పాటు మంచి, చెడు అనే రంగు అంటుకుని ఉంటుంది. నేను మాట్లాడిన చాలామంది ఈ భాగాన్ని పట్టించుకోలేదు. నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే అనిపిస్తుంది. ఒక విద్యార్థి పైచదువుకు సిఫారసు లేఖ కోసం ఒక ప్రొఫెసర్‌కు మెయిల్ రాస్తూ, గౌరవంగా ఉంటుందనుకుని ‘యు ఆర్ ఎ నటోరియస్ ప్రొఫెసర్’ అని రాశాడు. డిక్షనరీ యాప్‌లో ‘ఫేమస్’కి సమానార్థకాల్లో అది కనబడిందట. పంపే ముందు నాకు చూపించాడు కాబట్టి సరిపోయింది. ‘నటోరియస్’ అంటే మన ‘పేరుమోసిన’. పేరుపొందిన డాక్టరు ఉంటాడు, పేరుమోసిన దొంగ ఉంటాడు. ఇద్దరికీ పేరుంది, కానీ ఆ రెండు మాటలను తారుమారు చేస్తే గొడవైపోతుంది.

ఈ రంగు మీకు తెలుగులో కొట్టినపిండి. పట్టుదల ఉన్నవాణ్ణి మెచ్చుకుంటాం, అదే పనిని మనకు నచ్చనివాడు చేస్తే మొండివాడంటాం. ‘డిటర్మిన్డ్’, ‘స్టబ్బర్న్’ సరిగ్గా అవే. పొదుపరి ‘థ్రిఫ్టీ’, పిసినారి ‘స్టింజీ’. ‘స్లిమ్’ అంటే సంతోషిస్తారు, ‘స్కిన్నీ’ అంటే చాలామంది నొచ్చుకుంటారు. కాబట్టి ఖాళీ ఉన్న వాక్యంలో రాసినవాడు ఆ మనిషిని మెచ్చుకుంటున్నాడా, తప్పుపడుతున్నాడా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో చాలాసార్లు మిగిలిన రెండు ఆప్షన్లలో ఒకటి రాలిపోతుంది.

ఇంకొంచెం లోతుగా వెళ్తే, కొన్ని మాటలు విడిగా చూస్తే మామూలుగానే ఉంటాయి గానీ ఎప్పుడూ చెడు సావాసమే చేస్తాయి. ‘కాజ్’ చూడండి. డిక్షనరీలో ‘కారణమగు’ అని ఉంటుంది, అందులో చెడేమీ లేదు. కానీ వాడుకలో దాని పక్కన ఎక్కువగా కనబడేవి డ్యామేజ్, ప్రాబ్లమ్, పెయిన్, డిలే, డెత్. ‘ది న్యూస్ కాజ్డ్ హ్యాపీనెస్’ అంటే వ్యాకరణం తప్పు కాదు, కానీ చెవికి ఆనదు. ‘బ్రాట్ హ్యాపీనెస్’ అంటారు. తెలుగులో ‘దాపురించింది’ అన్న మాట లాంటిది ఇది. కష్టం దాపురిస్తుంది, కర్మ దాపురిస్తుంది. ‘అదృష్టం దాపురించింది’ అని వెటకారానికి తప్ప ఎవరూ అనరు. ‘కమిట్’ కూడా అదే దారి. క్రైమ్, మర్డర్, ఎర్రర్, సిన్. మన ‘పాల్పడటం’ దానికి అచ్చంగా సరిపోతుంది. నేరానికి పాల్పడతారు, దానధర్మాలకు పాల్పడరు.

‘సెట్ ఇన్’ అనే చిన్న పదబంధం కూడా ఇలాగే దిగులు, కుళ్లు, నిరాశ లాంటివాటితోనే ఎక్కువగా తిరుగుతుందని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ సింక్లెయిర్ గమనించాడు. లక్షలాది వాక్యాలను కంప్యూటర్‌లో పోగేసి వెతికితే గానీ బయటపడని సంగతి ఇది. ఆ పద్ధతిలోనే ఆయన బృందం 1987లో కోబిల్డ్ డిక్షనరీ తెచ్చింది. అందులో అర్థాలు ముక్కలుగా ఉండవు, నిండు వాక్యాలుగా ఉంటాయి. మాట ఎవరు వాడతారు, దేని గురించి వాడతారు అన్నది అర్థం చెప్పే వాక్యంలోనే తెలిసిపోతుంది. ఇంటర్మీడియట్ స్థాయి దాటినవాళ్లకు నేను ముందు చూపించే డిక్షనరీ ఇదే.

డిక్షనరీల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఇంగ్లిష్-తెలుగు డిక్షనరీ మాట తొలిసారి ఎదురైనప్పుడు దారి చూపిస్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. తర్వాత మీకు కావాల్సింది లెర్నర్స్ డిక్షనరీ. అంటే ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల కోసమే రాసినది. జపాన్‌లో ఇంగ్లిష్ చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి అలాంటిది 1942లో టోక్యోలో అచ్చు వేయించాడు. దాన్నే ఆక్స్‌ఫర్డ్ 1948లో తీసుకుంది. ఇప్పుడు మనం ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అంటున్నది దాని వారసురాలే. పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో చూసి రాసిన పుస్తకం కాబట్టే, క్రియ తర్వాత ఏం రావాలి, ఏ మాటతో జత కడుతుంది అన్నవి అందులో ఉంటాయి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ డిక్షనరీ అర్థాలన్నీ సుమారు 2000 తేలిక మాటల్లోనే చెబుతుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ మూడూ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. అర్థం ఒక్కసారి చదవండి, కింద ఉన్న ఉదాహరణ వాక్యాలు మూడుసార్లు చదవండి.

థెసారస్ అంటే దగ్గరి అర్థాలున్న మాటలను ఒకచోట పోగేసిన పుస్తకం. దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. పీటర్ మార్క్ రోజే 1852లో తన థెసారస్ వేసింది, మాట తెలిసీ ఆ క్షణంలో గుర్తుకు రానివాళ్ల కోసం. మాట తెలియనివాళ్లు అందులోంచి ఏరుకుంటే ‘నటోరియస్ ప్రొఫెసర్’ లాంటివే వస్తాయి.

అసలు ఇంగ్లిష్‌లో ఒకే భావానికి ఇన్ని మాటలు ఎందుకున్నాయని మీకు అనుమానం వచ్చే ఉంటుంది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక పాలకుల ఫ్రెంచ్ మాటలు వచ్చి పాత ఇంగ్లిష్ మాటల పక్కన చేరాయి, తర్వాత పండితుల లాటిన్ మాటలు పైన పరుచుకున్నాయి. ‘ఆస్క్’ పాతది, ఇంటి మాట. ‘క్వశ్చన్’ ఫ్రెంచ్ నుంచి వచ్చింది, కాస్త గట్టిగా ఉంటుంది. ‘ఇంటరాగేట్’ లాటిన్‌ది, వినగానే పోలీస్ స్టేషన్ గుర్తొస్తుంది. స్నేహితుణ్ణి దారి ‘ఆస్క్’ చేస్తాం, ‘ఇంటరాగేట్’ చేయం. తెలుగులో అచ్చ తెలుగు మాటల పక్కన సంస్కృత మాటలు చేరినట్టే ఇది. ‘మంచినీళ్లు ఇవ్వండి’ అంటాం, ‘మంచి జలం ఇవ్వండి’ అంటే ఎదుటివాళ్లు నవ్వుతారు. కానీ ‘జలాశయం’ అంటాం. ‘ఇంటి అద్దె’ అంటాం, ‘గృహ అద్దె’ అనం. పొడవాటి లాటిన్ మాట రాస్తే ఇంగ్లిష్ బాగున్నట్టు అనుకోవడం మనవాళ్లలో చాలా ఎక్కువ. వాక్యం మామూలు మాటల్లో నడుస్తుంటే, ఖాళీలోనూ మామూలు మాటే కావాలి. ఆఫీసు ఉత్తరంలా, నోటీసులా నడుస్తుంటే అప్పుడు పెద్ద మాట సరిపోతుంది.

ఇక రోజూ ఏం చేయాలో చెబుతాను. మీ స్థాయికి తగిన ఇంగ్లిష్ వ్యాసంలోంచి ఒక పేరా తీసుకుని ఇంకెవరితోనైనా ప్రతి ఏడో మాట కొట్టేయించండి. అందులో ‘ది’ పోవచ్చు, పెద్ద మాటా పోవచ్చు, ఏది పోయినా సరే. ఆప్షన్లు లేకుండా మీరే పూరించండి. తర్వాత అసలు పేరాతో పోల్చండి. దీన్ని ‘క్లోజ్’ పరీక్ష అంటారు. విల్సన్ టేలర్ 1953లో ఒక రచన చదవడానికి ఎంత తేలికో కొలవడానికి దీన్ని తయారుచేశాడు, తర్వాత భాష నేర్చుకునేవాళ్లకు పనికొచ్చింది. ఇందులో మార్కులు లెక్కపెట్టకండి. మీరు ఒక మాట రాసి, రచయిత ఇంకోటి రాసిన చోట ఆగండి. మీదీ కుదురుతుందా? కుదరకపోతే ఎందుకు? జత కుదరలేదా, రంగు తేడానా, ఇంటి మాటా ఆఫీసు మాటా అన్న స్థాయి తేడానా? ఆ ఎందుకు అన్నది ఒక లైన్ రాసుకోండి. పరీక్ష పుస్తకంలో వంద ప్రశ్నలు చేసేకన్నా ఇలాంటివి పది చేస్తే ఎక్కువ వస్తుందని నా అనుభవం.

నోట్‌బుక్ కూడా మార్చాలి. ‘రిలక్టెంట్: అయిష్టత’ అన్న లైన్ కొట్టేసి, ‘షీ వాజ్ రిలక్టెంట్ టు సైన్ ది పేపర్స్’ అని రాయండి. పక్కన ‘సంతకం పెట్టడానికి మనసొప్పలేదు’ అని తెలుగులో వాక్యానికి వాక్యం రాయండి. దాని కింద మీ జీవితంలోంచి నిజంగా జరిగిన ఒక విషయం అదే మాటతో రాయండి. మీరు ఏ పని చేయడానికి వెనకాడారో అది. ఊహించిన వాక్యం మర్నాటికి పోతుంది, జరిగిన విషయం నిలుస్తుంది. రాసేటప్పుడు మాట గుర్తుకు రావట్లేదన్నారు కదా, మీరు ఇంతవరకు దాన్ని చూసి గుర్తుపట్టడమే సాధన చేశారు, లోపలి నుంచి బయటికి తీయడం సాధన చేయలేదు. కాబట్టి మర్నాడు తెలుగు వాక్యం మాత్రం చూసి ఇంగ్లిష్ వాక్యం చెప్పడానికి ప్రయత్నించండి. మళ్లీ మూడు రోజులకు, మళ్లీ వారానికి, మళ్లీ నెలకు. నేర్చుకున్నది మొదటి రోజుల్లోనే ఎక్కువగా జారిపోతుందని జర్మన్ పండితుడు ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చూపించాడు. ఒక్కరోజే ఇరవైసార్లు చదవడం కన్నా ఇలా ఎడం ఇచ్చి నాలుగుసార్లు తలుచుకోవడం మేలు.

ఎన్ని మాటలు కావాలన్న మీ అసలు ప్రశ్నకు వస్తే, మైకేల్ వెస్ట్ 1953లో అందరికీ పనికొచ్చే సుమారు 2000 మాటల కుటుంబాల జాబితా ఇచ్చాడు (ఒక మాట, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం). మామూలు రచనల్లో కనబడే మాటల్లో దాదాపు 80 శాతం ఆ కాస్తలోనే వస్తాయి. ‘టేక్’, ‘గెట్’, ‘సెట్’, ‘రన్’, ‘హోల్డ్’ లాంటివి అందులోవే. వాటి పది పదిహేను అర్థాలు, జతలు మీకు వచ్చా? ‘హోల్డ్ ఎ మీటింగ్’, ‘హోల్డ్ ఎ వ్యూ’, ‘హోల్డ్ యువర్ బ్రెత్’ మూడింటికీ తెలుగులో మూడు వేరే క్రియలు కావాలి: జరపడం, ఉండటం, బిగబట్టడం. అరుదైన పెద్ద మాటల వెంట పడేముందు వీటిని ఒక నెల చూడండి.

పరీక్షకు మూడు నెలలుందని రాశారు, టెన్షన్ పడకండి, ఈ పనికి ఆ సమయం సరిపోతుంది. మొదటి నెల పాత 1500లోంచి రోజుకు ఎనిమిది మాటలు తీసి వాక్యాలుగా మార్చండి. మిగతా వాటిలో చాలావరకు చదువుతుంటే ఎదురవుతాయి, ఎదురైనప్పుడు అక్కడి వాక్యమే రాసుకోండి. రెండో నెల నుంచి రోజుకో క్లోజ్ పేరా. చివరి మూడు వారాలు మాత్రమే టైమ్ పెట్టుకుని నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు. తప్పు పోయిన ప్రతిదాని పక్కన జతా, రంగా, స్థాయా, పక్కనున్న చిన్న మాటా అని ఒక్క మాటలో రాయండి. ఇరవై ముప్పై తప్పులయ్యేసరికి మీరు ఎక్కువగా ఏ గోతిలో పడుతున్నారో మీకే కనబడుతుంది. ఆ తప్పుల్లో ఒక పది, మీరు ఏది ఎందుకు పెట్టారో కూడా రాసి ఇక్కడే పెట్టండి, ఒక్కొక్కటీ చూస్తాను.